ఆత్మారాం గిజిగాళ్ల లెక్క

ఏడు సంబంధాలు తప్పిపోయిన మనిషిని మీరు చూసే ఉంటారు. ఆ ఏడూ లెక్కపెట్టడం వల్లే తప్పిపోయిన మనిషిని మాత్రం చూసి ఉండరు. నేను చూశాను. ఆయన మా పెదనాన్న కొడుకు ఆత్మారాం. నిజామాబాద్‌లో మా పద్మశాలి వాడలో ఒకే గోడకు అటు ఆయన మగ్గం, ఇటు నా మగ్గం ఉండేవి. పిల్లను చూడబోయిన ప్రతిసారీ నేను వెంట వెళ్లాను, వాళ్లు పెట్టిన అటుకులు తిన్నాను, అవమానంలో సగం పంచుకున్నాను. అందుకని ఈ కథ చెప్పే హక్కు నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

నేతపని అంటేనే లెక్క. పోగు తప్పితే అంచు వంకర పోతుంది. కాకపోతే మగ్గం దిగగానే మా అందరి లెక్కా ఆగిపోయేది, ఆత్మారాం అన్న లెక్క ఆగేది కాదు. తంగేడు పువ్వు కనిపిస్తే రేకులు లెక్కపెట్టాలి. ఐదు. గుమ్మడి పువ్వు చూస్తే మళ్లీ ఐదు. ఉమ్మెత్త పువ్వు అంచుకు కొనలు ఐదు.

"గీ ఐదు మీద దేవునికి గంత పావురం, గంత ప్రేమ ఎందుకురా వెంకటీ?" అని నన్ను అడిగేవాడు, నేనేదో దేవుడి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నట్టు.

సీతాఫలాల కాలం వస్తే మరీ ఘోరం. కాయ మీది గుబ్బలు ఏటవాలు వరసల్లో తిరుగుతాయట. ఇటు నుంచి చూస్తే ఎనిమిది వరసలట, అటు నుంచి చూస్తే పదమూడట. ఐదూ ఎనిమిదీ కలిస్తే పదమూడు కాబట్టి అందులో ఏదో మర్మం ఉందట. గుబ్బగుబ్బకూ సున్నం బొట్టు పెట్టి, లెక్క తేలేదాకా కాయను ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తేలేసరికి అది మెత్తబడి చేతిలోంచి జారిపోయేది. పన్నెండు వరసలొచ్చిన కాయను 'దొంగ కాయ' అని తిట్టి మేకకు వేసేవాడు. దొంగ కాయలు చాలానే ఉండేవి. ఆ కాలంలో మా వాడ మేకలు బాగా బలిశాయి. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇలాంటి వరసలే లెక్కపెడుతుంటారని చాలా ఏళ్ల తర్వాత ఒక బడిపంతులు నాతో అన్నాడు. ఏం లాభం? అప్పటికే అన్నకు పిచ్చి అని వాడంతా తీర్మానించేసింది.

కోటగిరి సంబంధం సంగతి ఒక్కటి చెబితే మిగతావి మీకే తెలుస్తాయి. పిల్ల లక్షణంగా ఉంది. మాటలన్నీ కుదిరాయి. పిల్ల తల్లి మంచినీళ్ల చెంబు అందిస్తోంది. అన్న ఆమె చేతుల వైపు చూసి, పదిమంది పెద్దల ముందర, "అత్తమ్మా, కుడి చేతికి పన్నెండు గాజులున్నయి, ఎడమ చేతికి పదకొండే ఉన్నయి. ఒకటి పలిగినట్టున్నది" అన్నాడు. శుభకార్యానికి కూచున్న చోట ముత్తైదువ గాజు పగిలిందని మొహం మీద చెప్పినవాడికి ఎవరైనా పిల్లనిస్తారా? చెంబు లోపలికి వెళ్లిపోయింది, మేం బయటికి వచ్చేశాం.

"లెక్క తప్పు జెప్పిన్నా?" అని దారిలో అడిగాడు.

తప్పు కాదు. తప్పైతే కొట్టిపారేసేవాళ్లు. ఇంకోచోట పిల్ల తాత నోట్లో మిగిలిన పళ్లు లెక్కపెట్టాడు. అదీ సరైన లెక్కే.

అలా అన్నకు ముప్పై ఒకటో ఏడు వచ్చింది. మా పెద్దమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. పొయ్యి ముందర ఒక్కడే కూచుని జొన్నరొట్టె చేసుకునేవాడు. ఒకరోజు రొట్టె తిరగేస్తూ, "ఇంట్ల ఇంకో మనిషి అలికిడుంటే మంచిగుండురా" అన్నాడు. అంకె లేని మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. ఈసారి ఏమైనా సరే అన్నకు పెళ్లి చేసి తీరాలనుకున్నాను.

అది పంతొమ్మిది వందల ముప్పై ఏడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న రోజులు. కాలువ నీళ్లు పారిన దగ్గర నుంచి ఆ చుట్టుపక్కల ఎటు చూసినా చెరుకే. కూలీలకూ రైతులకూ చీరలు, ధోవతులు అమ్ముకోవచ్చని మేం ప్రతి సంతకూ మూటలు కట్టుకుని బస్సెక్కేవాళ్లం. మృగశిర కార్తె వచ్చాక ఒక సంతనాడు కాలువ గట్టు మీద నడుస్తూ అన్న ఆగిపోయాడు. గట్టు మీద పెద్ద తుమ్మచెట్టు. సగం కొమ్మలు నీళ్ల మీదికి వంగాయి, సగం గట్టు మీదికి వాలాయి. చెట్టు నిండా గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి.

పసుప్పచ్చ నెత్తి మగపిట్ట చెరుకాకును ముక్కుతో కొరికి సన్నటి పోగులా చీల్చుకొస్తోంది. దాన్ని సందులోంచి దూర్చి, అటు నుంచి లాగి, మళ్లీ ఇటు దూర్చి నేస్తోంది. గూడు సగమయ్యాక రెక్కలు కొడుతూ గోల చేసింది. ఒక ఆడపిట్ట వచ్చింది. గూట్లో కూచుంది, ఒక పోగును ముక్కుతో పీకి చూసింది, తల అటూ ఇటూ తిప్పింది, ఎగిరిపోయింది. మగపిట్ట ఆ సగం గూటిని పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"వెంకటీ, గిది అచ్చం కోటగిరే" అన్నాడు అన్న.

మూట గట్టు మీద దించి కూచున్నాడు. "గీ పిట్ట మన కులపోడేరా. నేస్తది, సూపిస్తది, వద్దనిపిచ్చుకుంటది. ఆడపిట్ట ఏం జూసి ఒప్పుకుంటదో నాకు తెల్వాలె. అందం అంటే ఏందో గాడ తేలుతది. దానికొక లెక్కుంటది."

"లెక్కెందుకే అన్నా, పిల్లను సూడవోయినప్పుడు నోరు మూసుకుంటె సాలు" అన్నాను. నా మాట ఆయన చెవికెక్కలేదు.

ఇక ప్రతి సంతకూ అమ్మకం నా నెత్తిన పడింది. ఆయన చెట్టు కింద కూచునేవాడు. ఆడపిట్ట ఒప్పుకున్న గూటికి ఎర్ర నూలుకొక ముడి, వద్దన్న గూటికి తెల్ల నూలుకొక ముడి. పక్క చెరుకుతోటకు కాపలా ఉండే పోశయ్య అనే ముసలాయన మొదటి రోజు దొంగనుకుని కర్ర ఎత్తాడు. విషయం విన్నాక కర్ర దించి, జాలిపడి, తన చద్దిరొట్టెలో సగం తుంచి పెట్టాడు. అప్పటి నుంచి ఇద్దరికీ దోస్తీ. ఒకాయన చెరుకు చూస్తూ, ఒకాయన పిట్టల్ని చూస్తూ పొద్దంతా మాటల్లేకుండా కూచునేవాళ్లు.

గాలికి రాలిన గూళ్లను అన్న ఇంటికి తెచ్చి విప్పేవాడు. పోగుపోగూ లెక్కపెట్టడం! ఒకసారి వెయ్యీ నాలుగొందల దగ్గర తుమ్ము వచ్చి, లెక్క చెదిరి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆయన చేసిన తప్పంతా ఇక్కడే ఉంది. నేసేవాడు కాబట్టి జవాబు నేతలోనే ఉంటుందనుకున్నాడు. అదే ఏ వడ్రంగో అయితే ముందుగా కొమ్మను చూసేవాడు. చివరికి పోగు ఎంత సన్నగా, నేత ఎంత దగ్గరగా ఉంటే గూడు అంత అందమని, ఆడపిట్టకు కావలసింది అదేనని తేల్చాడు. సన్నగా నేసిన గూళ్లను కూడా కొన్నింటిని ఆడపిట్టలు వద్దన్నాయి కదా అని నేను తెల్ల ముళ్లు చూపించాను.

"అవి దొంగ గూళ్లు" అన్నాడు.

ఇంతలో బోధన్‌లోనే ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు గోదావరి. తండ్రి కూడా నేతగాడే, కానీ ఆ ఇంట్లో చెల్లేది నాయనమ్మ వెంకటవ్వ మాట. పిల్లను చూసే రోజు అరుగు మీద కూచోకముందే నేను అన్న నోటి నిండా వక్కలు కూరాను. ఆయన కళ్లు మాత్రం గిరగిరా తిరిగాయి, మాట బయటికి రాలేదు. నెమ్మదస్తుడని వాళ్లు మెచ్చుకున్నారు. నా జీవితంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

తర్వాతి మెట్టు ఇల్లు చూడటం. పిల్ల తరఫు ఆడవాళ్లు వచ్చి పొయ్యి చూస్తారు, నీళ్ల కుండ చూస్తారు, ఆఖరున మగ్గం మీదున్న బట్టను చేత్తో తడిమి చూస్తారు. బట్టను బట్టి మనిషిని అంచనా కట్టడం మా వాడ పద్ధతి. అన్నకు ఇంకేం కావాలి? మంచి రోజు శ్రావణంలో ఉంది, చేతిలో నెల గడువుంది. ఒంటికి చెరుకాకు పచ్చ, అంచుకు గిజిగాడి నెత్తి పసుపు పెట్టి ఒక చీర ఎత్తుకున్నాడు. అంచులో ఐదు గూళ్లు, దాని మీద ఎనిమిది, దాని మీద పదమూడు. పోగు ఎంత సన్నమంటే వెలుతురుకు పెడితే అవతలి మనిషి కనిపించేవాడు. నిజం ఒప్పుకోవాలి, అలాంటి చీర నేను పుట్టి బుద్ధెరిగాక నేయలేదు. అసూయతో రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఇంటి కప్పు సంగతి నాకు గుర్తుంది, ఆయనకు లేదు. వేసవిలో కోతులు గూనపెంకులు దొర్లించి వెళ్లాయి.

"అన్నా, కప్పు సదురుకుందాం" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

"పదమూడో గూడు అయినంక" అనేవాడు.

పదమూడో గూడు అయింది. ముందురోజు నుంచి పట్టిన వాన ఆగకుండానే వాళ్లూ వచ్చారు. వెంకటవ్వ ముందు, కోడలు గంగుబాయి ఆమె వెనక, ఆ వెనక గొంగడి కప్పుకుని గోదావరి! పిల్ల రావడం ఎక్కడా పద్ధతి కాదు. నేను నోరు తెరవబోతే వెంకటవ్వ చెయ్యెత్తింది. "నాకు కండ్లు ఆనయి నాయినా. నా మనుమరాలి కండ్లు ఎంట తెచ్చుకున్న."

"ఆడపిట్ట తానే వచ్చిందిరా" అని అన్న నా చెవిలో పొంగిపోయాడు.

లోపల కప్పు ధారగా కారుతోంది. ఆ కంగారులో అన్న నోట్లో వక్కలు వేయడం మరిచిపోయాను.

"ఐదు జాగల్ల కారుతున్నది. సరింగ ఐదు!" అని ఆయన వచ్చినవాళ్లకు గొప్పగా చూపించాడు.

మగ్గం కింద, నేసేటప్పుడు కాళ్లు దించి తొక్కుడు కర్రలు తొక్కడానికి తొడ లోతు గుంట ఉంటుంది. అందులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. చీర మీద మాత్రం చుక్క పడలేదు. తన ధోవతులన్నీ దాని మీద పందిరి కట్టాడు.

గంగుబాయి చీర తడిమి, "అవ్వో, గిది మనిషి నేసిందేనా!" అంది. గోదావరి కూడా చూసింది, అంచును వేలితో ముట్టింది. కప్పు చూసింది. గుంట చూసింది. ఉన్నట్టుండి ఆ పిల్ల మొహం పాలిపోయింది. "పోదాం నడువు అవ్వా" అంది.

వెంకటవ్వ గడప దాటుతూ, "చీర మస్తుగున్నది నాయినా. గని చీర కింద కాపురం జెయ్యలేం గద" అంది.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా అన్న తడుస్తూ నిలబడ్డాడు. "ఎనిమిదైనయి" అన్నాడు.

"పదమూడయ్యేదాక ఆగుతవా?" అని నేను కోపం ఆపుకోలేక అరిచాను.

ఆయన నా మీద కోపగించుకోలేదు. "గీ పిల్ల మంచిగుండెరా" అన్నాడు. అప్పుడు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

తర్వాతి సంతనాడు చెట్టు కింద కూచుని, మొదటిసారిగా పోశయ్యను నోరు తెరిచి అడిగాడు. "పోశన్నా, గింత మంచిగ నేసిన గూడును ఎందుకు ఇడిశిపెడ్తయి?"

పోశయ్య చుట్ట తీసి చెప్పాడు. "గట్టు దిక్కున్న గూడు ఎంత మంచిగుంటే ఏంది, పాము ఎక్కి గుడ్లు తింటది. నీళ్ల మీదికి, ముండ్ల నడుమ ఏలాడేదానికి పాము పోలేదు. ఆడపిట్ట గది జూసుకుంటది."

"మూడు నెలల సంది జెప్పకపోతివి!"

"నువ్వడిగినవా? పోగులు లెక్కవెట్టుకుంటుంటివి."

అన్న లేచి చెట్టంతా చూశాడు. నీళ్ల మీదికి పదమూడు గూళ్లు. అందులో పన్నెండింటిలోకి ఆడపిట్టలు మేత తెచ్చి వెళ్తున్నాయి. గట్టు వైపు ఎనిమిది. ఒకదాంట్లోనే సంసారం ఉంది. ఇంకోరోజైతే ఈ ఎనిమిదినీ పదమూడునూ చూసి గంతులేసేవాడు. ఆ రోజు వేయలేదు.

తిరుగు బస్సులో కూచున్నాక చెప్పాడు. "వెంకటీ, ఎన్కట గట్టు దిక్కు గూళ్లను ఒప్పుకున్న పిట్టలు సుత ఉండెగావచ్చు. ఆటి గుడ్లు పాము తినె. ఆటి వంశం ఆడికే తెగిపాయె. జాగ్రత్తగ సూసుకున్న పిట్టల పిల్లలే బతికినయి. గిప్పుడున్నయన్ని ఆ జాగ్రత్త అవ్వల మనుమరాండ్లే. పిల్లలకు ఏది సేమమో గదే ఆటి కండ్లకు అందం. మనకు సుత గంతేరా. పువ్వు ఎందుకు మంచిగ కండ్లవడ్తది? పువ్వున్నకాడ రేపు కాయ ఉంటదని మన తాతల కడుపు గుర్తువట్టింది."

"మరి తంగేడుకు ఐదే రేకులెందుకు?" అని గుచ్చాను.

"గది నాకు తెల్వది" అన్నాడు. ఆయన అలా ఒప్పుకోవడం చూసి నాకు భయమేసింది.

ఊరు దగ్గర పడ్డాక మళ్లీ మాట్లాడాడు. "ఆ పిల్ల చీరను ఒక్కసారే సూసింది. కప్పును రెండుసార్లు సూసింది. గుంటను తొమ్మిది సార్లు సూసింది."

"గది సుత లెక్కవెట్టినవా!"

"లెక్కవెట్టకుంట ఎట్లుంట? తొమ్మిది సార్లు ఎందుకు సూసిందో తెల్వది. గని ఉట్టిగ ఎవలూ తొమ్మిది సార్లు సూడరు."

ఆ చీర మగ్గం మీంచి దిగింది. రెండు నెలలు అన్న మగ్గమే ఎక్కలేదు. కప్పు మొత్తం దించి కొత్త వాసాలు వేసి, పెంకులు సరిచేయించాడు. ఇంటి చుట్టూ నీళ్లు పోయేలా కాలువ తీశాడు. గుంట చుట్టూ ఇటుకల గట్టు కట్టి, వడ్రంగితో రెండు ముక్కల బరువైన టేకు మూత చేయించాడు. నేసేటప్పుడు తీసేది, లేచాక మూసేది. అలాంటి మూత మా వాడలో ఏ మగ్గానికీ లేదు. జనం నవ్వారు. ఆయన మాత్రం కనబడిన ప్రతివాణ్నీ నిలబెట్టి గిజిగాళ్ల అవ్వల కథ చెప్పేవాడు. జనం సందు మార్చుకుని తిరగడం మొదలుపెట్టారు. నేనే వెళ్లి వెంకటవ్వ కాళ్లావేళ్లా పడి ఇంకొక్కసారి రమ్మన్నాను.

కార్తీకంలో ముగ్గురూ వచ్చారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. వెంకటవ్వ కప్పు కింద నిలబడి తల పైకెత్తి, "వాన లేనినాడు ఏ కప్పైనా మంచిదే. నీళ్లు తెప్పియ్యి" అంది.

ఎక్కింది ఎవరు? నేనే. వాడలోని ఆడవాళ్లంతా వరసగా నిలబడి బావి నుంచి కుండలు అందించారు. నేను కప్పు మీద కోతిలా కూచుని కుమ్మరించాను. లోపల నుంచి అన్న గొంతు వినబడుతోంది. "పది... కారలే. పదకొండు... కారలే." ఇరవై దాటేసరికి నా కాళ్లు జారుతున్నాయి. ముప్పై దాటేసరికి వాడంతా నవ్వుతోంది. ముప్పై నాలుగో కుండ పోశాను. లోపల నుంచి అంకె రాలేదు. ముప్పై అయిదు పోశాను. రాలేదు. కప్పు కారింది, అన్న బతుకు ముగిసిందనుకుని కిందికి దూకి లోపలికి పరుగెత్తాను.

కప్పు కారలేదు. గోదావరి గుంట మూత మీద కూచుని ఉంది. రెండు అరచేతులూ చెక్కకు ఆనించి ఏడుస్తోంది.

అన్న రెండు బారల దూరంలోనే నిలబడి ఉన్నా పిల్ల ఆయనతో నేరుగా మాట్లాడకూడదు కాబట్టి, "అవ్వా, గీ మూత జెయ్యమని ఎవలు జెప్పిండ్రో అడుగు" అంది.

"ఎవలు జెప్పలే" అన్నాడు అన్న. "పోయినసారి గుంటను తొమ్మిది సార్లు సూసింది. గందుకే జేపిచ్చిన."

గోదావరి తలెత్తి ఆయన్ను చూసింది. తర్వాత మళ్లీ నాయనమ్మ వైపే తిరిగింది. "మా తమ్ముని సంగతి జెప్పు అవ్వా" అంది.

వెంకటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "మూడేండ్ల పోరడు నాయినా. మేం పోయినసారి వచ్చినప్పటి లెక్కనే శ్రావణంల వాన. పోరన్ని జూసుకోమని దీనికి జెప్పిపోతిమి. కుండెడు నీళ్లకు బయటికి పోయింది. వచ్చేవరకు గుంటల ఉండె. అప్పటి సంది ఏ ఇంటికి పోయినా దీని కండ్లు గుంట మీదనే ఉంటయి. దీన్ని ఎవలూ ఒక్క మాట అనలే. గని ఇది మరువదు."

గంగుబాయి గోడ వైపు తిరిగి నిలబడింది. రెండు నెలలుగా జాగ్రత్త అవ్వల కథ వాడంతటికీ వినిపించిన అన్నకు ఆ కథ గుర్తే రానట్టుంది. ఆయన కళ్ల నిండా నీళ్లు. నా ఒళ్లంతా ముందే తడిసి ఉంది కాబట్టి నేను ఏడ్చింది ఎవరికీ తెలియలేదు.

గోదావరి కళ్లు తుడుచుకుంది. మూతను చేత్తో ఒకసారి గట్టిగా నొక్కి చూసింది. లేచి దాని మీద నిలబడి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి ఎగిరి దూకింది. చెక్క కదలలేదు.

"అవ్వా," అంది, ఇంకా పెళ్లి మాటైనా కాలేదని మరిచిపోయి, అందరి ముందరా. "గీ ఇంట్ల పిల్లలు ఆడుకోవచ్చు."